హాల్లో నిలబెట్టే పెద్ద ల్యాంపు: ముందు ఫ్యాను చూడండి, తర్వాత దీపం చూడండి

నమస్తే అండీ. మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో కొత్త ఇల్లు. హాలు 22 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, స్లాబు 10 అడుగుల ఎత్తు. బూడిద రంగు ఎల్ సోఫా, కింద మెరిసే తెల్ల టైల్స్. సోఫా మూలలో ఇంటికొచ్చినవాళ్ల చూపు నిలిచేలా ఒక ఫ్లోర్ ల్యాంపు పెట్టాలని మీ కోరిక. 15 వేల దాకా పెట్టగలమన్నారు. ఆన్‌లైన్‌లో చూసిన వంపు ల్యాంపు, అదే గొట్టం విల్లులా వంగి ముందుకు వచ్చే ఆర్క్ ల్యాంపు, మీకు నచ్చింది. మీ అత్తగారేమో ఇంట్లో ఉన్న పాత ఇత్తడి దీపపు సెమ్మెకే కరెంటు పెట్టించమంటున్నారు. ఏది చేయాలన్నది ప్రశ్న.

ఒంగోలు, నెల్లూరు వైపు ఇళ్లకు లైట్ల పని చేయిస్తూ ఉన్నవాణ్ని కాబట్టి మన ఇళ్లకు సరిపడేదే చెబుతాను. మీరు చూసిన ఫోటో పగలు తీసింది. గది నిండా కిటికీ వెలుతురు, ఆ వెలుతురులో ల్యాంపు ఒక బొమ్మలా నిలబడి ఉంటుంది. మీ ఇంట్లో దాని అసలు పని సాయంత్రం ఆరున్నర తర్వాత మొదలవుతుంది. అప్పుడు హాల్లో ట్యూబ్‌లైటు, ఫాల్స్ సీలింగులో స్పాట్ లైట్లు అన్నీ వెలుగుతుంటే ఎంత ఖరీదు ల్యాంపైనా వెలవెలబోతుంది. అందుకని నేను ఎవరికైనా పెట్టే పరీక్ష ఒకటే: పైన లైట్లన్నీ ఆపేసి, దీని వెలుగులోనే ఇద్దరు ముగ్గురు కూర్చుని మాట్లాడుకోగలరా, పక్కన కూర్చున్నవాళ్లు పేపరు చదవగలరా? ఆ పరీక్షకు నిలిచిన ల్యాంపే గదికి పెద్దరికం తెస్తుంది. నిలవనిది మూలన దుమ్ము పట్టే కడ్డీ అవుతుంది.

ఇప్పుడు ఫ్యాను సంగతి. విదేశీ ఫోటోల్లో సీలింగ్ ఫ్యాను కనపడదు. మన హాల్లో ఒకటి కాదు, మీ కొలతకు రెండు ఉండి ఉంటాయి. మామూలు 48 అంగుళాల ఫ్యాను అంటే నడిమధ్య నుంచి 2 అడుగుల దూరం దాకా రెక్క తిరుగుతుంది. 10 అడుగుల స్లాబుకు రెక్కలు దాదాపు 9 అడుగుల ఎత్తులో ఉంటాయి. ఫాల్స్ సీలింగు చేయించి ఉంటే ఇంకా కిందికి వస్తాయి. ఇక్కడ రెండు చిక్కులు. వంపు ల్యాంపు పైభాగం ఏడు ఏడున్నర అడుగుల దాకా లేచి, గది మధ్యకు, అంటే సరిగ్గా ఫ్యాను కిందికి వస్తుంది. రెక్క తగలకపోయినా గాలికి ల్యాంపు తల ఊగుతుంది. దానితో పాటు నేల మీద వెలుగూ ఊగుతుంది. పది నిమిషాలు కూర్చుంటే తల తిరిగినట్టు ఉంటుంది. రెండోది ఇంకా ఇబ్బంది. పైకి వెలుగు కొట్టే ల్యాంపును, అంటే గిన్నె మూతి పైకి ఉన్నదాన్ని, ఫ్యానుకు దగ్గరగా పెడితే తిరిగే రెక్కల నీడ స్లాబు మీద టపటపా కొట్టుకుంటూ కనపడుతుంది. ఎండాకాలం ఫ్యాను ఆపలేం, ల్యాంపు వెయ్యలేం. నెల్లూరులో ఫ్యాను ఆపగలిగే సాయంత్రాలు ఏడాదిలో ఎన్నుంటాయో మీకే తెలుసు.

కాబట్టి టేపు తీసుకుని ముందు ఇది కొలవండి. ఫ్యాను నడిమధ్య నుంచి సోఫా మూలకు నేల మీద ఎంత దూరం ఉంది? ల్యాంపులో ఏ భాగమూ ఆ నడిమధ్యకు 3 అడుగుల లోపు రాకూడదు. పైకి వెలుగు కొట్టే రకమైతే 5 అడుగులైనా వదలాలి. మీ హాలు వెడల్పు 14 అడుగులే కాబట్టి, ఫ్యాను మధ్యలో ఉంటే పక్క గోడకు 7 అడుగులే ఉంటుంది. అందులో సోఫా లోతు మూడడుగులు పోతుంది. వంపు ల్యాంపు చెయ్యి చాపితే ఎక్కడికి చేరుతుందో కాగితం మీద గీసి చూడండి.

వంపు ల్యాంపు గురించి ఇంకో మాట చెప్పాలి, ఇది అందం సంగతి కాదు, భద్రత సంగతి. ఈ రకానికి పేరు తెచ్చింది ఇటలీలో 1962లో వచ్చిన ఆర్కో అనే ల్యాంపు. అకిల్లె, పియెర్ జాకొమో కాస్తిలియోని అనే అన్నదమ్ములు ఫ్లోస్ కంపెనీకి డిజైన్ చేశారు. వీధిదీపం చూసి వచ్చిన ఆలోచన. స్లాబుకు కన్నం పెట్టకుండా టేబులు మీదికి వెలుగు తేవాలి, టేబులుకూ ల్యాంపుకూ మధ్య మనిషి నడవాలి. అందుకని అది అంత ఎత్తు, అంత చాపు. దాని పీట, అంటే నేల మీద ఆనే అడుగు దిమ్మ, ఇటలీ కరారా పాలరాయి, బరువు దాదాపు 65 కిలోలు. ఆ రాయికి అడ్డంగా ఒక కన్నం ఉంటుంది. చాలామంది అది అలంకారం అనుకుంటారు. చీపురు కర్ర లాంటిది అందులో దూర్చి ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తడానికి పెట్టింది అది.

అంత బరువు ఎందుకో చిన్న లెక్క వేసుకుందాం. ల్యాంపు తల 2 కిలోలు, పీట అంచు నుంచి నాలుగున్నర అడుగుల దూరంలో వేలాడుతోంది అనుకోండి: 2 ఇంటూ 4.5, అంటే 9. గొట్టం 3 కిలోలు, దాని బరువు సగటున 2 అడుగుల దూరంలో పడుతుంది: 6. మొత్తం 15. ఈ 15 ల్యాంపును ముందుకు లాగుతుంటే, వెనక్కి పట్టి ఉంచేది పీట ఒక్కటే. పీట వెడల్పు అడుగు అయితే దాని బరువు అంచు నుంచి అరడుగు దూరంలో పనిచేస్తుంది. అంటే 30 కిలోల పీట ఉంటేనే సరిసమానం. పిల్లవాడు తల పట్టుకుని లాగినా, ఇల్లు తుడిచే మనిషి మాపు కర్ర తగిలినా నిలవాలంటే ఇంకా ఎక్కువ కావాలి. మీ బడ్జెట్‌లో దొరికే వంపు ల్యాంపులకు పీట 10, 12 కిలోలకు మించి ఉండటం అరుదు. ఆ బరువుతో నిలబెట్టాలని చాపు తగ్గించి, తల రేకుతో తేలికగా చేస్తారు. అప్పుడు ఫోటోలో ఉన్న ఠీవి రాదు, నిబ్బరమూ రాదు. మా దగ్గర పనిచేసే వడ్రంగి ఇలాంటిదొకటి చూసి వేలితో తలను కొంచెం నొక్కి, "ఇది ఎట్టా నిలబడద్ది సార్, దీనికి రాయి కట్టాల" అన్నాడు. అతను చెప్పిందే లెక్క కూడా చెబుతుంది. ఇంట్లో మూడేళ్ల బాబు ఉన్నాడని మీరే రాశారు. మీ ఇంటికి వంపు ల్యాంపు వద్దు.

మరి ఏది? నిటారు కాండం, పెద్ద షేడు. వినడానికి సాదాగా ఉంటుంది కానీ 18 నుంచి 20 అంగుళాల వెడల్పు షేడు, దానికి తగ్గ బరువైన పీట, మంచి గుడ్డో తోలో ఉంటే చూపు దాన్ని దాటి పోదు.

ఎత్తు ఎలా తేల్చాలంటే, మీరు సోఫాలో ఎప్పుడూ కూర్చునేలా జారగిలబడి కూర్చోండి. మీవారిని నేల నుంచి మీ కంటి దాకా కొలవమనండి. 40 నుంచి 43 అంగుళాల మధ్య వస్తుంది. షేడు కింది అంచు ఆ కొలత దగ్గరే ఉండాలి. అంతకంటే పైన ఉంటే కూర్చున్నవాళ్లకు బల్బు కంట్లో పొడుస్తుంది, బాగా కిందికి ఉంటే వెలుగు ఒడిలోకి రాదు. మీ అత్తగారు దివాన్ మీదో, బాబుతో పాటు నేల మీద చాప మీదో కూర్చుంటారనుకోండి, వాళ్ల కన్ను ఇంకా కింద ఉంటుంది. అక్కడినుంచి చూస్తే షేడు లోపలి బల్బు కనపడుతుంది. అందుకని షేడు అడుగున తెల్లటి పాల అక్రిలిక్ పళ్లెం ఒకటి పెట్టించండి. పైన కూడా పెట్టిస్తే మేలు. అయిదడుగుల ల్యాంపు లోపలికి నిలబడ్డ మనిషి పైనుంచి తొంగి చూసినట్టే ఉంటుంది కదా. ఇంకొకటి, మీ టైల్స్ అద్దంలా మెరుస్తాయి. అడుగున పళ్లెం లేకపోతే బల్బు నేల మీద ప్రతిబింబించి కింద నుంచి కంట్లో పడుతుంది. ఎవరూ ముందుగా ఆలోచించరు, పెట్టిన మొదటి రోజు రాత్రి తెలుస్తుంది.

షేడు దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ల్యాంపు ప్రాణం అక్కడే ఉంది. షాపుల్లో నల్ల షేడు, లోపల బంగారు రంగు పూత ఉన్నది బాగా చూపిస్తారు. అది వెలుగును పైకీ కిందికీ మాత్రమే పంపుతుంది, పక్కలకు చీకటి. బూడిద రంగు సోఫా పక్కన గది దిగులుగా ఉంటుంది. మీకు కావలసింది ఒళ్లంతా వెలిగే షేడు. దీనికి మనకు చేతికి అందేవి రెండున్నాయి.

ఒకటి వెంకటగిరి నూలు గుడ్డ. సన్నటి నూలుతో నేసిన నేత, జాందానీ బుటా, అంటే నేతలోనే వేసిన పువ్వు, ఉంటే ఇంకా మంచిది. పగలు చూస్తే లేత రంగు గుడ్డ, అంతే. లైటు వేయగానే నేత పలచగా ఉన్నచోట వెలుగు ఎక్కువ వస్తుంది, బుటా దగ్గర దారం దట్టంగా ఉంటుంది కాబట్టి అక్కడ నీడ పడుతుంది. అంటే పువ్వు మొత్తం నీడగా తేలుతుంది. జరీ ఉన్నచోట నల్లగా గీత పడుతుంది, కాబట్టి జరీ పెద్దంచు షేడు మధ్యకు రాకుండా కింది అంచుకు వచ్చేలా కత్తిరించాలి. కట్టడం మానేసిన పాత చీర ఉంటే దానితోనే చేయించవచ్చు. గుడ్డను వట్టిగా చుట్టకూడదు, కొన్నాళ్లకు జారి ముడతలు పడుతుంది. షేడుల కోసమే అమ్మే తెల్లటి గట్టి షీటుకు అతికించి, పైనా కిందా ఇనుప రింగులకు పట్టించాలి. లేత పసుపు, గంధం, మీగడ రంగులు బాగుంటాయి. ముదురు ఎరుపు, ఆకుపచ్చ వద్దు, గదిలో మనుషుల ముఖాలకు ఆ రంగు పులుముతుంది.

రెండోది తోలుబొమ్మల కళాకారులు చేసే తోలు షేడు. సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి ఇదే కళకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుగు దూరేంత పలచగా శుభ్రం చేసి, రంగులు వేసి, చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా కన్నాలు కొడతారు. ఆ కన్నాలే ఇందులో గొప్పతనం. తోలు మీద రంగు వెచ్చగా వెలుగుతుంటే, బొమ్మ నగల్లో, జడలో కొట్టిన కన్నాల్లోంచి తెల్లటి వెలుగు చుక్కలుగా బయటికి వచ్చి దగ్గరి గోడ మీద పడుతుంది. లేపాక్షి ఎంపోరియంలలో ఈ షేడులు దొరుకుతుంటాయి. నిలువుటి పెద్ద షేడు కావాలంటే చెప్పి చేయించుకోవాలి. అందరి చూపూ నిలవాలన్న మీ కోరికకు నా ఓటు దీనికే. అయితే మన తీరంలో దీనికి ఒక జాగ్రత్త. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ముసురు, గాలిలో చెమ్మ. తోలు చెమ్మ పీల్చి వంకర తిరుగుతుంది, బూజు పట్టవచ్చు. వానాకాలంలో కిటికీ పక్కన పెట్టకండి, ఏసీ నీళ్లు కారేచోట అసలు పెట్టకండి, పొడి మెత్తటి గుడ్డతో తప్ప తుడవకండి. గుడ్డకైనా తోలుకైనా ఎల్‌ఈడీ బల్బే వేయాలి. పాత ఫిలమెంటు బల్బు వేడికి తోలు ముడుచుకుంటుంది, గుడ్డ మాడుతుంది.

ఇక పీట. ఇందుకోసం ఇటలీ పాలరాయి దాకా పోనక్కర్లేదు, ఒంగోలు దగ్గర మన చీమకుర్తి ఉంది. అక్కడ దొరికే నల్ల గ్రానైటు, బ్లాక్ గెలాక్సీ రాయిలో రాగి బంగారు చుక్కలుంటాయి. పైనుంచి పసుపు వెలుగు ఏటవాలుగా పడితే ఒక్కొక్కటే మెరుస్తాయి. అదే ల్యాంపు కింద పీటగా ఉంటే తన వెలుగు తన మీదే పడుతుంది. దేశదేశాలకు పోయే రాయి మనకు పక్క జిల్లాలో ఉండగా రేకు పీటలు కొనడం నాకు ఏ రోజూ నచ్చదు. చీమకుర్తి, ఒంగోలు దారిలో ఉన్న పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో కటింగు మిగులు ముక్కలు అడిగితే ఇస్తారు. అడుగు చదరం, 2 అంగుళాల మందం ఉన్న ముక్క 13, 14 కిలోలు తూగుతుంది. నిటారు ల్యాంపుకు ఇది చాలా నిబ్బరం. మధ్యలో గొట్టానికి కన్నం, అడుగున నట్టు దిగడానికి గుంట, ఒక పక్కగా వైరు పోవడానికి కాలువ, ఇవి అక్కడే కొట్టించుకోండి. ఇంటికి తెచ్చాక కొట్టించబోతే రాయి పగిలే ప్రమాదం ఉంది. పై అంచులు చేతితో తడిమితే గుచ్చుకోకుండా అరగదీయించాలి, బాబు పడినా తల పగలకూడదు. అడుగున నాలుగు రబ్బరు బొడిపెలు పెట్టిస్తే టైలు గీసుకుపోదు.

కాండానికి టేకు కర్ర అయితే మీ తలుపులతో కలుస్తుంది. ఇత్తడి గొట్టమైనా బాగుంటుంది. ఇనుమే అయితే పౌడర్ కోటింగు ఉన్నది తీసుకోండి, మామూలు పెయింటు వద్దు. మన గాలిలో ఉప్పు సంగతి మీ గేటు తాళాలు చెబుతాయి. బంగారు రంగు పూత పూసిన చవక రేకు గొట్టాలు అతుకుల దగ్గర మొదట తుప్పు పడతాయి. షాపులో కొంటే ఆ అతుకులు ఊడదీసి లోపలి మర చూడండి. రెండు మూడు చుట్లే తిరిగి ఆగిపోతే గొట్టం కొన్నాళ్లకు వంగి నిలబడుతుంది. గట్టి ల్యాంపుకు ఆరేడు చుట్లు తిరగాలి. షేడు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపి వదిలేయండి. రెండు మూడు ఊపుల్లో ఆగాలి.

పైకి మూతి తెరిచిన గాజు గిన్నెల రకం మీకు వద్దనడానికి ఫ్యాను కాక ఇంకో కారణం ఉంది, ఉసిళ్లు. వాన పడి వెలిసిన సాయంత్రం అవి ఎక్కడ లైటుంటే అక్కడికి వస్తాయి, తెల్లారేసరికి గిన్నె నిండా రెక్కలు. నేను చెప్పిన పై పళ్లెం వాటిని కూడా ఆపుతుంది. పసుపు వెలుగుకు తెల్ల వెలుగు కంటే పురుగులు తక్కువ వస్తాయి.

బల్బు దగ్గర మన వాళ్లు చేసే పని, ల్యాంపుకు వేలు పోసి, 6500 కెల్విన్ తెల్ల బల్బు వేయడం. కెల్విన్ అంటే వెలుగు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు తిరుగుతుంది. ఆ వెలుగులో మీ బూడిద సోఫా నీలం తిరుగుతుంది, తోలు షేడు పాలిపోతుంది. డబ్బా మీద 2700 లేదా 3000 కెల్విన్ అని ఉండాలి. వెంకటగిరి గుడ్డకు 3000, తోలుకు 2700 అయితే నాకు నచ్చుతుంది. సీఆర్ఐ, అంటే రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే అంకె, 90 పైన ఉన్నది దొరికితే ధర కొంచెం ఎక్కువైనా అదే కొనండి, ఎరుపులు, పసుపులు, ఒంటి రంగు సహజంగా కనపడతాయి. వెలుగు లెక్క ల్యూమెన్లలో చూడాలి, వాట్లలో కాదు. షేడు చాలా వెలుగు మింగేస్తుంది కాబట్టి 900 ల్యూమెన్ల దగ్గరిది, అంటే మామూలుగా 9 వాట్ల ఎల్‌ఈడీ, రెండు హోల్డర్లు పెట్టి రెండు వేయించండి. ఒకటి మాట్లాడుకోవడానికి, రెండూ చదువుకోవడానికి. ఒక బల్బు రోజూ 5 గంటలు వెలిగినా నెలకు ఒకటిన్నర యూనిట్‌కు మించదు. ఆన్‌లైన్ ల్యాంపులు చాలావరకు మర హోల్డరుతో వస్తాయి, మన ఇళ్లలో పిన్ను హోల్డరు బల్బులు ఉంటాయి. మీ ల్యాంపుకు ఏ రకం హోల్డరో చూసి బల్బు కొనండి.

ప్లగ్గు పాయింటు ఎక్కడుందో మీరు రాయలేదు. మన ఇళ్లలో 5 ఆంప్ సాకెట్టు స్విచ్చుబోర్డు మీద నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడినుంచి వైరు వేలాడితే ఎంత మంచి ల్యాంపైనా తాత్కాలికంగా పెట్టినట్టు కనపడుతుంది. సోఫా వెనక, నేలకు అడుగు ఎత్తులో సాకెట్టు ఒకటి వేయించి, దాని స్విచ్చు గుమ్మం దగ్గరి బోర్డులో పెట్టించండి. ఇంట్లోకి అడుగు పెడుతూనే ల్యాంపు వేసుకునే వీలుంటేనే రోజూ వాడతారు. సోఫా వెనక్కి వంగి స్విచ్చు వెతుక్కోవలసి వస్తే వారంలో మానేస్తారు. ఇత్తడి, ఇనుము గొట్టమైతే మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ వైరు గొట్టానికి కలిపి ఉండటం తప్పనిసరి. చాలా చవక ల్యాంపులు లోహపు ఒళ్లు ఉండి కూడా రెండు పిన్నులతో వస్తాయి. తడి చేత్తో ముట్టుకునే ఇల్లు మనది, వాటిని తీసుకోకండి. వైరు గొట్టంలోకి దూరేచోట రబ్బరు వాషరు ఉందో లేదో చూడండి, లేకపోతే రేకు అంచుకు వైరు పైతొడుగు కోసుకుంటుంది. ఆ పాయింటు ఇన్వర్టరు లైనులో కలిపించుకోండి.

మీ అత్తగారి సెమ్మె గురించి. దయచేసి దానికి కన్నం వేయించకండి. పాత పోత ఇత్తడి, దాని కాండంలోంచి వైరు తీయాలంటే పైనుంచి కింది దాకా డ్రిల్లు కొట్టాలి, పళ్లెం తీసి హోల్డరు బిగించాలి. మళ్లీ అందులో నూనె పోయలేరు, వత్తి వేయలేరు. ఆవిడ అడిగింది ఆ సెమ్మె హాల్లో అందరికీ కనపడాలనే కదా, లోపల అటక మీద ఉండకూడదనే కదా. దానికి కరెంటు అవసరం లేదు. కొత్త ల్యాంపు నుంచి మూడడుగుల దూరంలో, గోడ పక్కన తక్కువ ఎత్తు చెక్క పీట మీద పెట్టండి. పక్కనుంచి పడే పసుపు వెలుగుకు ఇత్తడి వలయాలన్నీ తేలుతాయి. పండగకూ పేరంటానికీ నూనె దీపం పెట్టుకోవచ్చు. అప్పుడు మాత్రం ఫ్యానూ తోలు షేడూ రెండూ దూరంగా ఉండేలా చూసుకోండి. ఆగ్నేయ మూల అయితే మంచిదని ఆవిడ అన్నారని రాశారు. మీ సోఫా మూల అదే అయితే ఏ అభ్యంతరమూ లేదు, ఫ్యాను దూరం ఒక్కటి సరిచూసుకోండి.

చివరగా వెలుగు తగ్గించుకునే డిమ్మరు అడిగారు. పెట్టుకోండి, రాత్రి తొమ్మిది దాటాక చాలా హాయిగా ఉంటుంది. కానీ బల్బు డబ్బా మీద డిమ్మబుల్ అని రాసి ఉండాలి, డిమ్మరు ఎల్‌ఈడీలకు పనికొచ్చేదై ఉండాలి. కొందరు ఎలక్ట్రీషియన్లు చేతిలో ఉన్న ఫ్యాను రెగ్యులేటరునే ఆ పాయింటుకు బిగించేస్తారు, లైటు మినుకుమంటుంది, బల్బు లోపల కరెంటును సరిచేసే డ్రైవరు తొందరగా పోతుంది. ఇంత తలనొప్పి వద్దనుకుంటే రెండు హోల్డర్లకు రెండు విడి స్విచ్చులు చాలు. ఫ్యాను నుంచి మూలకు దూరం, మీరు కూర్చున్నప్పుడు కంటి ఎత్తు, సాకెట్టు ఉన్న చోటు, ఈ మూడూ రాసి పెట్టండి, షేడు వెడల్పు, కాండం పొడవు లెక్క కట్టి చెబుతాను.